పగకి పూనకం ఎందుకు?

తమ్ముడూ,

నీ స్క్రిప్టు మొత్తం చదివాను. శాపం, అర్ధరాత్రి అద్దంలో కనిపించే చనిపోయిన తండ్రి, గోడ లోపలినుంచి వచ్చే పసిపిల్ల ఏడుపు... భయపెట్టే సీన్లు బాగా వచ్చాయి. ఆ పని నాకంటే నువ్వే బాగా చేస్తున్నావు కాబట్టి అక్కడ నా సలహాలేమీ లేవు. నా పేచీ అంతా నాలుగో ఎపిసోడ్‌తోనే. చిన్నప్పటినుంచి హీరో వెంటే ఉన్న స్నేహితుడు ఒక రాత్రి రక్షరేఖ చెరిపేసి, హీరో కొడుకుని తీసుకెళ్లి శత్రువు చేతిలో పెడతాడు. అక్కడ నిటారుగా లేచి కూర్చున్నాను. అయిదో ఎపిసోడ్‌లో తేలిందేమిటంటే, అతనికి ఏదో పూనింది, చేసిందేదీ అతనికి తెలియదు. హీరో కౌగిలించుకుంటాడు, ఇద్దరూ ఏడుస్తారు, కథ ముందుకెళ్లిపోతుంది.

ఆ పూనకం తీసెయ్.

ఇలాంటి కథలు రాసేవాళ్లకి ఒక సుఖం ఉంది. పాత్ర ఇబ్బందిలో పడగానే నెపం వెయ్యడానికి మంత్రమో, శాపమో, జోస్యమో చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. ద్రోహం చేసిందెవరు? దయ్యం. చంపిందెవరు? శాపం. నీ మనిషి మంచివాడుగానే మిగిలిపోతాడు. కానీ తప్పు అతనిది కానప్పుడు అతను దేనికి కుమిలిపోవాలి? హీరో ఎవరిమీద పగబట్టాలి? నువ్వు ఆరు ఎపిసోడ్లు కష్టపడి కట్టుకున్నదంతా ఆ ఒక్క ట్విస్ట్‌తో చేతులారా కూల్చుకున్నావు.

నువ్వు ‘ఏంజెల్’ చూశావో లేదో. ‘బఫీ ద వాంపైర్ స్లేయర్’ నుంచి విడిపోయి 1999లో మొదలై, అయిదు సీజన్లు నడిచిన అమెరికన్ సీరియల్. గ్రాఫిక్స్ ఇప్పుడు చూస్తే నవ్వొస్తాయి, అది వేరే సంగతి. పగ, పశ్చాత్తాపం, రెండు పడవల మీద కాళ్లు, ఈ మూడింటినీ ఎలా ముడేయాలో నేర్చుకోవాలంటే మాత్రం మూడో సీజన్ కూర్చుని చూడాల్సిందే.

ముందు దాని పునాది చెప్తాను. ఏంజెలస్ అనే రక్తపిశాచి (తర్వాత ఏంజెల్ అయ్యేది ఇతనే) రోమానీ అనే సంచార తెగ అమ్మాయిని చంపుతాడు. తెగవాళ్లు అతన్ని పట్టుకుంటే ఏం చెయ్యాలి? గుండెలో కొయ్య దింపాలి. వాళ్లు ఆ పని చెయ్యరు. 1898లో మంత్రం వేసి అతని ఆత్మని అతనికి తిరిగిస్తారు. అప్పటిదాకా నూట నలభై ఏళ్లకు పైగా చంపిన మనుషులందరూ ఒక్కసారిగా గుర్తొస్తారు. అంటే ఇక్కడ పగ తీర్చుకునే ఆయుధమే పశ్చాత్తాపం. పైగా ఒక మెలిక. ఏ క్షణంలోనైనా మనసు నిండా సంతోషం కలిగితే ఆత్మ పోతుంది, పాత పిశాచి తిరిగొస్తాడు. ఈ రూలు రాసినవాళ్లకి దణ్ణం పెట్టాలి. ఇది అతని తరఫున ఏ నిర్ణయమూ తీసుకోదు. అతను తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ ఖరీదైనదిగా మారుస్తుంది, అంతే. నీ శాపం అలా లేదు. అవసరమైనప్పుడు వస్తుంది, అవసరం తీరగానే పోతుంది.

మంత్రం ఎప్పుడు పనిచేస్తుందన్నది కూడా చూసుకోవాలి. ‘బఫీ’ రెండో సీజన్ చివర, 1998లో, ఆత్మ పోగొట్టుకున్న ఏంజెల్‌కి దాన్ని తిరిగి తెచ్చే మంత్రాన్ని ఒక స్నేహితురాలు ఆసుపత్రి మంచం మీద నుంచే చదువుతుంది. మంత్రం ఫలిస్తుంది. కానీ అప్పటికే నరకద్వారం తెరుచుకుంది. అది మూసుకోవాలంటే తెరిచినవాడి రక్తమే, అంటే ఏంజెల్ రక్తమే కావాలి. ఏం జరుగుతోందో తెలియక అయోమయంగా చూస్తున్న మనిషిని, అతన్ని ప్రేమించిన బఫీయే ముద్దుపెట్టుకుని, కళ్లు మూసుకోమని చెప్పి, కత్తి దించుతుంది. మంత్రం ఒక్క నిమిషం ముందు ఫలించి ఉంటే అది సుఖాంతం. అసలు ఫలించకపోయి ఉంటే పిశాచిని చంపిన వీరనారి కథ. ఇప్పుడు చంపిందెవరినో ఆమెకి తెలుసు, ఎందుకు చంపాల్సి వచ్చిందో కూడా తెలుసు. నెపం వెయ్యడానికి ఎవరూ దొరకరు.

సరే, నీ నాలుగో ఎపిసోడ్ దగ్గరికొద్దాం. ‘ఏంజెల్’ మూడో సీజన్లో వెస్లీ అనే మనిషి ఉంటాడు. పుస్తకాల పురుగు, ఏంజెల్ పెట్టిన డిటెక్టివ్ ఏజెన్సీని నడిపేవాడు, అతనికి ఆప్తుడు. ఏంజెల్‌కి కానర్ అనే కొడుకు పుడతాడు. రెండు రక్తపిశాచాలకు పుట్టిన బిడ్డ, జరగకూడని పుట్టుక. పాత రాతప్రతుల్లో వెస్లీకి ఒక జోస్యం కనిపిస్తుంది. తండ్రి కొడుకుని చంపుతాడు. గుర్తులు కూడా ఉన్నాయి: భూకంపం, అగ్ని, రక్తం. అవి ఒక్కొక్కటే జరుగుతూ వస్తాయి. ఏంజెల్ ప్రవర్తన కూడా తేడాగా ఉంటుంది. అతను తాగే రక్తంలో శత్రువులు అతని బిడ్డ రక్తమే కలుపుతున్నారు, ఆ సంగతి వెస్లీకి తెలియదు.

ఇప్పుడు వెస్లీ ఏం చేస్తాడో చూడు. ఎవరికీ చెప్పడు. అదే అతని తప్పు, మొత్తం సీజన్‌కి అదే ఇరుసు. ఏంజెల్‌కి బద్ధశత్రువైన హోల్ట్జ్‌తో రహస్యంగా మాట్లాడతాడు. బిడ్డని ఎత్తుకుని వెళ్లిపోవాలని నిశ్చయించుకుంటాడు. ఏజెన్సీలో లోర్న్ అనే ఒకాయన ఉంటాడు, ఎవరైనా పాడితే చాలు వాళ్ల మనసులో ఉన్నది చదివేయగలడు. వెస్లీ బిడ్డని జోకొడుతూ సన్నగా పాడతాడు. లోర్న్ విననే వింటాడు. అంతే, గుట్టు బయటపడుతుంది. వెస్లీ స్నేహితుణ్ణి కొట్టి పడేస్తాడు.

ఆ సీను ఆపి ఆపి చూడు. జోలపాట ప్రేమతో పాడిందే, నటన కాదు. ద్రోహాన్ని బయటపెట్టింది ఆ ప్రేమే. మంత్రశక్తి ఉంది, కానీ అది వెస్లీ మనసుని మార్చలేదు, బయటికి లాగింది. కొట్టిన చెయ్యి అతనిది. పూనకం లేదు, వశీకరణం లేదు. చదువుకున్నవాడు, మంచివాడు, బిడ్డమీద ప్రాణం పెట్టుకున్నవాడు, బాగా ఆలోచించి మరీ చేసిన ద్రోహం.

తర్వాత అతను బిడ్డతో బయటపడేసరికి హోల్ట్జ్ మనిషి జస్టిన్ ఎదురవుతుంది. దెబ్బలు తిన్న మొహంతో, హోల్ట్జ్ నన్ను కొట్టాడు అంటుంది. జాలిపడి దగ్గరికి వెళ్తాడు. గొంతు కోసి బిడ్డని తీసుకుపోతుంది. హోల్ట్జ్ ఆ బిడ్డతో నరకలోకంలోకి దూకేస్తాడు. ఆ తర్వాత తేలుతుంది, జోస్యమే అబద్ధమని. కానర్ పెద్దయితే తనని చంపుతాడని రాసి ఉందని ఒక రాక్షసుడు ఆ రాతనే మార్చేశాడు.

నువ్వయితే ఇక్కడ ఏం చేసేవాడివో నాకు తెలుసు. జోస్యం అబద్ధం కాబట్టి పాపం వెస్లీ మోసపోయాడు, క్షమించేద్దాం అని కౌగిలి సీను రాసేవాడివి. వాళ్లు రాసిందేమిటి? వెస్లీ ఆసుపత్రిలో ఉంటాడు. గొంతు తెగింది కాబట్టి మాట రాదు. ఏంజెల్ వచ్చి పక్కన కూర్చుని నెమ్మదిగా మాట్లాడతాడు. ఇప్పుడు నాలో ఉన్నది ఆ పాత పిశాచి కాదు, నేనే, ఆ సంగతి నీకు తెలియాలి అంటాడు. అని, దిండు తీసి మొహం మీద నొక్కుతాడు. మిగతావాళ్లు వచ్చి లాగేదాకా వదలడు.

ఎన్నిసార్లు చూసినా ఆ సీను దగ్గర నాకు ఊపిరాడదు. ఏంజెల్‌కి నెపం చేతిలోనే ఉంది. ఆత్మ పోయిందని, పిశాచి తిరిగొచ్చిందని చూపించి ఉంటే ఆ సీను సగం ధరకి అయిపోయేది. రచయితలు ఆ తలుపు ముందే మూసేశారు, అదీ ఆ పాత్ర నోటితోనే. ఇక రెండోవైపు చూడు, వెస్లీ గొంతు తీసేశారు. సంజాయిషీ లేదు, క్షమించమనడం లేదు. నీ స్నేహితుడు అయిదో ఎపిసోడ్‌లో రెండు పేజీలు మాట్లాడతాడు. ఆ రెండు పేజీలూ కొట్టెయ్.

మరి మాటల్లేకుండా పశ్చాత్తాపం ఎలా చూపించాలి? పనితో. ఆ సీజన్ చివర ఏంజెల్‌ని ఇనప పెట్టెలో పెట్టి సముద్రంలో ముంచేస్తారు. ఎక్కడున్నాడో స్నేహితులెవరికీ తెలియదు. వెలివేసిన వెస్లీయే పడవ వేసుకుని సముద్రం అడుగు గాలిస్తుంటాడు. దొరికాక, తిండిలేక ఎండిపోయిన ఏంజెల్‌కి తన చెయ్యి కోసి రక్తం తాగిస్తాడు. తెచ్చి అప్పజెప్పి తన దారిన పోతాడు. అయితే జస్టిన్‌ని తన ఇంట్లో అల్మరాలో బంధించి ఉంచింది కూడా అదే మనిషి, మర్చిపోకు. పశ్చాత్తాపం అతన్ని సాధువుని చెయ్యలేదు, ఇంకాస్త కర్కశంగా తయారుచేసింది. నాకు ఆ నిజాయితీ నచ్చింది. మన సీరియళ్లలో పశ్చాత్తాపపడినవాడు వెంటనే తెల్లబట్టల్లోకి మారిపోతాడు.

ఇక పగ సంగతి. నీ విలన్ పళ్లు కొరకడం తప్ప ఇంకేమీ చెయ్యడం లేదు. హోల్ట్జ్‌ని చూడు. 1764లో ఏంజెలస్, తర్వాత కానర్‌కి తల్లయ్యే పిశాచి డార్లా కలిసి అతని భార్యనీ పసివాణ్ణీ చంపి, కూతుర్ని పిశాచిగా మార్చేస్తారు. తెల్లారేదాకా ఆ కూతురితో ఉండి, తన చేతులతోనే ఆమెని ఎండలోకి తోస్తాడు. ఇది తెలిశాక అతన్ని విలన్ అనడానికి నోరు రాదు. పైగా ఒక రాక్షసుడు అతన్ని ఈ కాలంలోకి తెచ్చాక, తీరా శత్రువు ఎదురయ్యేసరికి వాడికి ఆత్మ ఉంది, వాడు రోజూ కుమిలిపోతున్నాడు. హోల్ట్జ్‌కి అదేం పట్టదు. పట్టాలని ఎందుకనుకోవాలి చెప్పు? శత్రువు పశ్చాత్తాపం వల్ల చనిపోయిన పిల్లలు తిరిగిరారు కదా.

అతను కానర్‌ని నరకంలో కన్నకొడుకులా పెంచుతాడు. అక్కడ కాలం వేగంగా నడుస్తుంది కాబట్టి కానర్ త్వరలోనే కుర్రాడై తిరిగొస్తాడు. ప్రేమ నిజమే, అందులో కల్తీ లేదు. చివరికి ఏం చేస్తాడంటే, తనని గురువులా కొలిచే జస్టిన్ చేతనే తన మెడమీద మంచు పొడిచే సూదితో రెండు గాట్లు పొడిపించుకుని చచ్చిపోతాడు. చూసినవాడు పిశాచి కాటు అనుకోవాలి. అనుకుంటాడు కూడా, కానర్ అసలు తండ్రినే హంతకుడనుకుంటాడు. తను పెంచిన కొడుకుని తన శవంతో శాశ్వతంగా కట్టేశాడు. పగలో ఎంత ప్రేమ కలిస్తే అంత భయం పుడుతుందని రాసేవాళ్లకి తెలియాలి. వీలైతే నీ విలన్‌కి ఒక్క మనిషిని ఇవ్వు. అతను నిజంగా ప్రేమించే మనిషిని, ఆ ప్రేమతోనే వాడుకునే మనిషిని.

మనవాళ్లకి ఇదేం కొత్త కాదులే. నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపిన అశ్వత్థామని అర్జునుడు కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేసిన ఘట్టం భాగవతంలో చదివే ఉంటావు. నీ చేతులెలా ఆడాయని అడుగుతుంది, ఆ తర్వాత వదిలెయ్యమంటుంది. కొడుకుల్ని పోగొట్టుకుని నేనేడుస్తున్నట్టు వీడి తల్లి ఏడవకూడదంటుంది. కానీ భీముడు ఒప్పుకోడు, చంపాల్సిందేనంటాడు. ఆ గుడారంలో అందరూ ఒకే పక్షం, అందరిదీ ఒకే దుఃఖం, అయినా పగ దగ్గర తలో దారి. నీ హీరో కుటుంబంలో మాత్రం అందరూ ఒకే మాట మీద ఉన్నారు. ఒకళ్లనైనా విడగొట్టు.

అక్క పాత్ర అందుకు సరిగ్గా సరిపోతుంది. ప్రస్తుతం ఆమె మూడు సీన్లలో “నేనెటువైపు ఉండాలి” అని ఏడుస్తోంది. టీవీలో ఇది త్వరగా విసుగొస్తుంది. ‘బఫీ’లో జెన్నీ అనే కంప్యూటర్ టీచర్‌ని గమనించు. శాపం పెట్టిన తెగ మనిషే ఆమె, ఏంజెల్ బాధపడుతున్నాడో లేదో కనిపెట్టడానికి వచ్చింది. అక్కడ బఫీకి గురువైన మనిషిని ప్రేమించింది. ఎటువైపు అని ఎక్కడా వాపోదు. ఇటు వాళ్లకి తనెవరో చెప్పదు. గుట్టు రట్టయ్యాక, ఏంజెల్ ఆత్మని తిరిగి తెచ్చే మంత్రం కోసం ఒంటరిగా కూర్చుని పనిచేస్తుంది. అది చేతికొచ్చిన రాత్రే అతని చేతిలో చచ్చిపోతుంది. నువ్వు కూడా ఒక కాగితం తీసుకుని, ప్రతి ఎపిసోడ్ చివరికి ఎవరికి ఏం తెలుసు, అక్క ఎవరి దగ్గర ఏం దాచింది అన్నది రాసుకో. ఆ కాగితం సరిగ్గా ఉంటే ఏడుపు డైలాగులు వాటంతటవే రాలిపోతాయి.

తప్పు దిద్దుకోవడానికి మంత్రం వాడాలనుకుంటే వాడుకో, దాని ధర మాత్రం పాత్ర అనుకున్నట్టు ఉండనివ్వకు. ‘బఫీ’ ఏడో సీజన్లో పగలు తీర్చిపెట్టే రాక్షసిగా మారిన అన్యా, ఒకమ్మాయి కోరిక తీర్చబోయి కుర్రాళ్ల ప్రాణాలు తీస్తుంది. తట్టుకోలేక, నన్ను చంపి వాళ్లని బతికించమని తన యజమానిని వేడుకుంటుంది. అతను సరేనంటాడు. కుర్రాళ్లు బతుకుతారు. చచ్చిపోయేది మాత్రం అన్యా కాదు, ఆమె స్నేహితురాలు. అన్యా ప్రాణాలతో మిగులుతుంది, అదే ఆమెకి శిక్ష.

సీరియల్ రాస్తున్నావు కాబట్టి ఇంకొక్క మాట. సినిమాకి లేనిది, నీకున్నది టైమ్. వెస్లీని మిగతావాళ్లు ఎపిసోడ్ల తరబడి దగ్గరికి రానివ్వలేదు. అతని సామాను తెచ్చిచ్చిన అమ్మాయి కూడా, జోస్యం అబద్ధమని చెప్పి, మాతో ఒక్కమాట అనాల్సింది కదా అని వెళ్లిపోతుంది. నువ్వు నలభై నిమిషాల్లో రాజీ చేయించేశావు. నిర్మాతకి టెన్షన్, ప్రేక్షకుడు స్నేహితుణ్ణి అసహ్యించుకుంటాడేమోనని. అసహ్యించుకోనీ. రెండు మూడు వారాలు అసహ్యించుకుంటేనే తర్వాత జాలికి చోటుంటుంది.

ముందు నాలుగు, అయిదు మాత్రమే మళ్లీ రాసి పంపు, అప్పటిదాకా మిగతావి ముట్టుకోకు. రక్షరేఖ చెరిపే ముందు స్నేహితుడు తనకి తాను ఏమని నచ్చజెప్పుకున్నాడో ముందు నీకు తేలాలి. ఆ కారణం వింటే నేను కూడా అదే చేసేవాణ్ణేమో అనిపించాలి. అది తేలకపోతే ఫోన్ చెయ్, సాయంత్రాలు ఖాళీగానే ఉంటాను.

ఆశీస్సులతో,
అన్న