తాతగారి తుపాకీ పురాతన వస్తువైతే లైసెన్సు అవసరం లేదా?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. ముత్తాతగారు జమీందారీ కచేరీలో పనిచేసేవారు. ఇల్లు బాగు చేయిస్తుంటే అటక మీది పెట్టెలో జంటగొట్టాల తుపాకీ దొరికింది. బయటికి కనిపించే రెండు హ్యామర్లు, పక్కపలకల మీద వేటకుక్క, ఎగిరే బాతుల చెక్కడం ఉన్నాయి. గొట్టాల అడుగున కిరీటం, దాని కింద ఒకదాన్నొకటి అడ్డంగా దాటే రెండు దండాలు, 'నాట్ ఫర్ బాల్' అన్న అక్షరాలు ఉన్నాయి. కిరీటం జమీందారు ఇచ్చిన గౌరవచిహ్నమని మా పెద్దల మాట. చివరి లైసెన్సు తాతగారి పేరున ఉండేది, ఆయన పోయి చాలా ఏళ్లయింది. వందేళ్లు దాటిన తుపాకీకి లైసెన్సు అవసరం లేదంటున్నారు. మెరుగు పెట్టించి గోడకు తగిలించుకోవచ్చా? (పేరు వద్దన్న పాఠకుడు, విజయనగరం జిల్లా)

జవాబు: ముందు కిరీటం సంగతి. మీ పెద్దలకు నిరాశ కలిగించక తప్పదు. దండాల మధ్య బి, పి, సి అక్షరాలు కనిపిస్తే అది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పరీక్షాకేంద్రం ముద్ర. 1813 నుంచి 1904 వరకు, గొట్టం మందు ఒత్తిడికి తట్టుకుందని తేల్చాక దాన్ని కొట్టేవారు. 'నాట్ ఫర్ బాల్' 1875-1887 మధ్య వాడిన హెచ్చరిక. గొట్టం కొస ఇరుకు కాబట్టి చిన్న రవ్వలే వాడాలి, ఒంటి గుండు వేయకూడదని దాని భావం.

చెక్కడం ఎంత అందంగా ఉన్నా, చట్టం అడిగేది ఒక్కటే: అది పేలుతుందా? ఆయుధాల చట్టం, 1959లోని 45(సి) సెక్షను పాత నమూనా, పురాతన విలువ గల, లేదా చెడిపోయిన ఆయుధాలను మినహాయించింది నిజమే. కానీ మరమ్మతు చేసినా తుపాకీగా పనికిరానిదై ఉండాలన్న షరతు దాని వెంటే ఉంది. ఆ షరతు మూడింటికీ వర్తిస్తుందన్నదే నా అభిప్రాయం. వయసును మాత్రమే నమ్ముకుని మరో అర్థం తీసి, దాన్ని మీ మీద పరీక్షించుకోవద్దు. మీది పన్నెండు బోరు (గొట్టం లోపలి వెడల్పు కొలత) అయితే, దానికి తూటాలు ఇప్పటికీ దొరుకుతాయి. పాత గొట్టాలు నల్లమందు తూటాల కోసం చేసినవి, కాబట్టి నేటి తూటా పెట్టి చూద్దామన్న సరదా ప్రాణాంతకం.

లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్ల జైలు, జరిమానా. తెలియకుండా ఇంట్లో ఉండిపోయిందని వాదించవచ్చు, ఎందుకంటే తెలిసి ఉంచుకోవడమే నేరమని సుప్రీంకోర్టు 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. పెట్టె తెరిచిన రోజు నుంచి మీకా వాదన లేదు. పైగా నాకు ఉత్తరం కూడా రాశారు!

కాబట్టి జాప్యం చేయకుండా 21వ సెక్షను కింద దగ్గరి పోలీసు స్టేషనులో గానీ, లైసెన్సున్న ఆయుధాల వ్యాపారి దగ్గర గానీ అప్పగించండి. బస్సులో సంచిలో పెట్టుకుని వెళ్లవద్దు. ముందు స్టేషను అధికారికి లిఖితపూర్వకంగా తెలియజేసి, ఆయన చెప్పినట్టు చేయండి. రసీదులో 'పాత తుపాకీ ఒకటి' అని రాస్తే ఒప్పుకోకండి. చెక్కడం, ముద్రలు, నంబరు, హ్యామర్ల ఆకారం అన్నీ రాయించి ఫొటోలు దాచుకోండి. తిరిగి ఇచ్చేటప్పుడు ఇదే మీ తుపాకీ అని నిరూపించేది ఆ వివరాలే.

మెరుగు పని అసలు వద్దు. తయారీదారు పేరు, నంబరు, ముద్రలు చెరపడాన్ని 8వ సెక్షను నిషేధించింది, గీరి రుద్దేవాడికి ముద్రేదో మురికేదో తెలియదు. మరమ్మతుకూ లైసెన్సున్న వారే కావాలి.

ఉంచుకోవాలనుకుంటే 2016 ఆయుధ నియమాల్లోని 25వ నియమం కింద, వారసుడిగా జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోండి. తాతగారి పాత లైసెన్సు, మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న పత్రం జతచేయండి. మీ అన్నదమ్ములతో ఇప్పుడే మాట్లాడుకుంటే మేలు. ఒకరికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినా అంతే. అమ్మదలిస్తే లైసెన్సున్న వ్యాపారి ద్వారానే అమ్మండి. వందేళ్లు దాటినందున 1972 పురావస్తువుల చట్టం ప్రకారం విదేశాలకు పంపే అధికారం ప్రైవేటు వ్యక్తులకు లేదు. విదేశీ సేకర్తలు ఎంత ధర చెప్పినా ఆ బేరం మీది కాదు.