మూడేళ్లు వాడిన రీలుకి వారంటీ అడగొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. సెలవు రోజుల్లో కళింగపట్నం, బారువ వైపు వెళ్లి గాలం వేస్తారు. మూడేళ్ల కిందట కొన్న స్పిన్నింగ్ రీలు (గాలం దారం చుట్టే చక్రం) తిప్పుతుంటే గరగరమంటోంది, దారాన్ని దానిమీదకి మళ్లించే తీగ, అదే బెయిల్ వైరు, ఒక్కోసారి పడట్లేదు. కిందటి దసరాకి కొన్న గాలం రాడ్డుకి చివరి గైడ్‌లో, అంటే దారం దూరే రింగులో, గాడి పడింది, రెండు ముక్కలు కలిసే చోట సన్నటి చీలిక వచ్చింది. రెండూ ఒకే కంపెనీవి. రాడ్డు కార్డు మీద రెండేళ్ల వారంటీ అని ఉంది. అన్నీ కలిపి మెయిల్ పెడితే "వాడకం వల్ల అరిగినవాటికి వారంటీ వర్తించదు" అని రెండు లైన్ల జవాబొచ్చింది. ఇది న్యాయమేనా అని అడిగారు.

మీరు చెప్పిన నాలుగింటిలో మూడింటికి కంపెనీ మాటే కరెక్టు. నాలుగోది, అంటే ఆ చీలిక, మాత్రం వదలకండి. ఇక్కడ జరిగింది ఏమిటంటే నాలుగు ఫిర్యాదులూ ఒకే మెయిల్‌లో పెట్టారు, వాళ్లు అందులో బలహీనమైనదాన్ని పట్టుకుని అన్నిటికీ కలిపి ఒకే జవాబు ఇచ్చేశారు. కస్టమర్ కేర్‌లో కూర్చున్నవాళ్లకి రోజంతా ఇవే మెయిళ్లు. "మూడేళ్లు" అన్న మాట కనపడగానే రెడీగా ఉన్న జవాబు అంటించి పంపేస్తారు.

నేను గార మండలంలో టీచరుని. ఆదివారాలు చాలావరకు వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గరే, పండుగప్ప చేప కోసం. ఈ వారంటీల గొడవ నాకు రెండు రకాలుగానూ అనుభవమే, ఒకటి తేలిగ్గా తేలింది, ఇంకొకటి ఏడిపించింది.

తేలిగ్గా తేలింది రాడ్డు. కొత్తది, పెద్ద చేప కూడా పడలేదు, విసురుతుంటేనే జాయింటు కింద పుటుక్కుమంది. ఇంటికొచ్చి లైటు కింద పెట్టి చూస్తే విరిగినచోట గొట్టం గోడ ఒక పక్క మందంగా, రెండో పక్క కాగితమంత పల్చగా ఉంది. రాడ్డు తయారీలో కార్బన్ గుడ్డ చుట్టినప్పుడే ఆ పక్క తక్కువ పడిందన్నమాట. ఆ గోడ మందం కనపడేలా దగ్గరగా ఒక ఫొటో, సీరియల్ నంబరుతో ఇంకొకటి, బిల్లు ఫొటో, ఈ మూడే పెట్టి నాలుగు వాక్యాల మెయిల్ రాశాను. వాళ్లు మారు మాట్లాడకుండా కొత్త ముక్క పంపారు. ఎందుకంటే అక్కడ వాదించడానికేమీ లేదు.

ఏడిపించింది రీలు. దానిది మీ బాధే, బెయిల్ పడకపోవడం. వారంటీ ఇంకా కొన్ని నెలలు ఉండగానే కొరియర్ చేశాను. చాలా రోజులు చడీచప్పుడు లేదు. ఫోన్ చేస్తే "సార్, చెకింగ్‌లో ఉంది సార్". చివరికి "మాన్యుఫాక్చరింగ్ డిఫెక్ట్ లేదు" అని కాగితం అంటించి, సర్వీస్ చార్జీలు వేసి, తిరిగి పంపారు. డబ్బా విప్పి హ్యాండిల్ తిప్పితే బెయిల్ మళ్లీ పడలేదు! అప్పుడు వారంటీ సంగతి ఎత్తకుండా మెయిల్ రాశాను: "నా దగ్గర సర్వీసుకని డబ్బు తీసుకున్నారు, సర్వీసు జరగలేదు, ఇది సేవా లోపం కిందకి వస్తుంది, వీడియో జత చేశాను." వారం తిరగకుండా బెయిల్ స్ప్రింగు, దాని స్క్రూ చిన్న కవర్లో వచ్చాయి. బిగించడానికి పది నిమిషాలు పట్టలేదు. ఇంత చిన్న ముక్క కోసం అంత టెన్షన్ పెట్టారా అనిపించింది.

ఇక మీ సామాన్లు ఒక్కొక్కటీ చూద్దాం. రీలు గరగరమంటోందంటే చాలావరకు బేరింగుల్లో ఉప్పు చేరినట్టే. పక్క మూత విప్పి చూడండి. గ్రీజు ఎండి గోధుమరంగులో గట్టిపడి ఉంటుంది, బేరింగు అంచున తెల్లటి పొర, దారం మీదుగా జారే చిన్న చక్రం, అదే లైన్ రోలర్, దాని కింద ఇత్తడి ఉన్నచోట ఆకుపచ్చ చిలుము కనపడతాయి. ఇవి కనపడ్డాక అది తయారీ లోపం అని ఏ కంపెనీ ఒప్పుకోదు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. బందరువానిపేట ఒడ్డున ఒక పెద్దాయన నా రీలు చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఏటి మాస్టారూ, ఉప్పు తిన్న ఇనుము ఊరికే ఉంటాదా?" అన్నాడు. ఆ ఒక్క మాటలో వారంటీ కార్డు వెనకున్న చిన్నక్షరాలన్నీ ఉన్నాయి.

కానీ బేరింగులు మార్చుకోవడం పెద్ద ఖర్చు కాదు. పాతది బయటికి తీసి లోపలి రంధ్రం, బయటి వ్యాసం, మందం మిల్లీమీటర్లలో కొలిస్తే అదే సైజు స్టెయిన్‌లెస్ బేరింగు ఆన్‌లైన్లో దొరుకుతుంది. పంటి చక్రమే అరిగితే మాత్రం కంపెనీ పార్టు కావాల్సిందే. తక్కువ ధర రీళ్లలో పెద్ద చక్రం జింకు మిశ్రమంతో పోతపోసింది ఉంటుంది, ఉప్పునీళ్లు తగిలితే త్వరగా తినేస్తుంది. ఇక్కడే డబ్బాలో వచ్చే ఆ మడత కాగితం పనికొస్తుంది. రీలుని ముక్కముక్కలుగా విప్పి బొమ్మ గీసి, ప్రతి ముక్కకీ నంబరు వేసి ఇస్తారు చూడండి, అదే. అందరం డబ్బాతో పాటు పారేస్తాం. షిమానో, దైవా లాంటి కంపెనీలవైతే ఆ బొమ్మలు ఆన్‌లైన్లో కూడా ఉంటాయి. "బెయిల్ స్ప్రింగ్ పనిచేయట్లేదు" అని రాస్తే వచ్చే జవాబు వేరు, "ఫలానా మోడల్, ఫలానా నంబరు పార్టు ఎంత, ఎన్నాళ్లలో పంపుతారు" అని రాస్తే వచ్చే జవాబు వేరు. రెండోదానికి కాదనడానికి కారణం వెతుక్కోవాలి.

గైడ్ గాడి కూడా వాడకమే. ఉత్త స్టీలు రింగుల మీద బ్రెయిడ్ లైను (అల్లిన దారం) నడిపితే, ఆ లైను ఉప్పునీ ఇసుకనీ మోసుకొచ్చి రింగుని కోసేస్తుంది. అల్యూమినియం ఆక్సైడ్, సిలికాన్ కార్బైడ్ రింగులు అంత తొందరగా గాడి పడవు, కానీ రాయికి తగిలితే పగులుతాయి. కంటికి కనపడని పగులు ఉందేమో చూడాలంటే చెవిలో తిప్పే దూది పుల్లని రింగు లోపల ఒక చుట్టు తిప్పండి. దూది పోగు ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ పగిలినట్టే, మీ లైను ఎందుకు తెగుతోందో కూడా తెలిసిపోతుంది.

చీలిక సంగతి వేరు. రాడ్డు వారంటీలోనే ఉంది, జాయింటులో నిలువు చీలిక అంటే కారణాలు రెండే అనుకోవచ్చు: గొట్టం పల్చగా తయారవడమో, లేదా ముక్కలు పూర్తిగా దిగకుండా వదులుగా వాడటమో. కంపెనీ రెండోదే అంటుంది. దానికి మీ దగ్గర సాక్ష్యం ఉంది. లోపలికి దిగే ముక్క మీద రాపిడి గుర్తు చూడండి. అది పూర్తి లోతు వరకు ఒకేలా మెరుస్తుంటే మీరు సరిగ్గానే బిగించి వాడినట్టు. కొసన మాత్రమే మెరుపు ఉంటే మీ వాదన నిలబడదు, ఊరుకోవడం మేలు. ముందు ఆ ఫొటో తీసుకోండి.

చట్టం ఏమంటుందో కూడా చెప్తాను, బెదిరించడానికి కాదు, ఎంతవరకు అడగొచ్చో తెలియడానికి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో లోపం అంటే నాణ్యతలో ఉన్న తప్పు, వాడి అరగ్గొట్టింది కాదు. కానీ బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకు వెనక్కి తీసుకోనని మొరాయించడం అనుచిత వ్యాపార పద్ధతుల కిందకి వస్తాయి. వెనక్కి తీసుకునే గడువు బిల్లు మీద ఉంటే అది, లేకపోతే 30 రోజులు. కేసు దాకా వెళ్తే కంపెనీ ఎక్కడున్నా మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, చెన్నై, బెంగళూరు తిరగక్కర్లేదు. సరుకుకి చెల్లించిన డబ్బు 5 లక్షల వరకు అయితే ఫీజు లేదు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. అంతకంటే ముందు 1915కి ఫోన్ చేయడం తేలిక, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆన్‌లైన్లో కొని ఉంటే ఆ సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండి తీరాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉన్నదే ఇది.

వేట మీద బతికేవాళ్లు కూడా ఇది చదువుతుంటే ఒక మాట. "మీది వ్యాపారం, మీకు వినియోగదారుల చట్టం రాదు" అని కొందరు డీలర్లు అనేస్తారు. అది తప్పు. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికే కొని, తానే వాడుకుంటుంటే అది వాణిజ్య అవసరం కాదని ఆ చట్టంలోనే రాసి ఉంది.

అయితే ఔట్‌బోర్డు ఇంజిన్ల దగ్గర కార్డు జాగ్రత్తగా చదవాలి. సరదాగా వాడేవాళ్లకి ఇచ్చే వారంటీ కంటే వేటకి వాడేవాళ్లకి చాలా కంపెనీలు తక్కువ కాలం ఇస్తాయి. పైగా నీళ్ల పంపులో రబ్బరు రెక్కల ఇంపెల్లర్, స్పార్క్ ప్లగ్గు, తుప్పు తనమీదకి లాక్కునే జింకు ముక్క, ఇవన్నీ వాడకంతో పోయేవే అని ముందే రాసేస్తారు. మా దగ్గర హార్బర్ లేదు, బోటు అలల్లోంచి నేరుగా ఇసుక మీదకే వస్తుంది. ఆ ఇసుక నీళ్లతో పాటు పంపులోకి పోయి రెక్కల్ని నమిలేస్తుంది. నాకు తెలిసిన ఒకాయన కొత్త ఇంజిన్ పట్టుకుని వెళ్లి, "వారంటీ ఉందన్నారు గదా, రబ్బరు ముక్కకి డబ్బులడుగుతారేటి?" అని డీలర్ దగ్గర గట్టిగానే అరిచాడు. న్యాయం డీలర్ వైపే ఉంది. కానీ ఆ డీలరు "ఇసుకలో దిగే బోటుకి ఇది తరచూ మార్చాలి, ఒకటి అదనంగా పెట్టుకో" అని అమ్మిన రోజే చెప్పి ఉంటే గొడవే లేదు. నా దృష్టిలో మంచి సర్వీసు అంటే అది.

ఇంకోటి, దీన్ని ఎవరూ లెక్కేయరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర, మోటారు బోట్లకి వేట నిషేధం. ఏప్రిల్ మొదట్లో ఏడాది వారంటీతో ఇంజిన్ కొంటే అందులో రెండు నెలలు అది ఒడ్డునే పడుంటుంది, వారంటీ మాత్రం కరిగిపోతూనే ఉంటుంది. డీలరు డిస్కౌంటు అన్నాడని నిషేధానికి ముందు తీసుకోవడం కంటే జూన్‌లో, వేటకి దిగేముందు, బిల్లు మీద అప్పటి తేదీతో తీసుకోవడం నయం.

వలలకైతే కార్డూ లేదు, వారంటీ లేదు. అయినా అక్కడే నాకు మంచి సర్వీసు కనపడింది. ఒకతను తెచ్చుకున్న నైలాన్ వలలో కన్ను రెండు వేళ్లతో లాగితే ముడి జారిపోతోంది. ఇంకా నీటి మీద తేలే బెండ్లు కట్టలేదు, నీళ్లలో దించలేదు. దుకాణదారు ఆ కట్టలోంచే ఇంకో చోట లాగి చూశాడు, అక్కడా జారింది. మాట లేకుండా కట్ట మార్చి ఇచ్చాడు. అదే వల ఒక సీజను ఎండలో ఆరేసి, నైలాన్ పెళుసెక్కాక తెస్తే మార్చడు, మార్చకూడదు కూడా. ఎండకి నైలాన్ బలం తగ్గుతుందని ఒడ్డున చిన్నపిల్లలకి కూడా తెలుసు.

మీరు ఆన్‌లైన్లో చవగ్గా దొరికే విదేశీ సరుకు వైపు చూస్తున్నానని కూడా రాశారు. డబ్బా మీద ఇండియాలో దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు, అడ్రసు, కస్టమర్ కేర్ నంబరు ఉందో లేదో చూడండి. ప్యాకింగ్ నిబంధనల ప్రకారం ఉండాలి. లేదంటే ఎవరో సూట్‌కేసులో తెచ్చి అమ్ముతున్న సరుకు, దానికి వారంటీ అడిగితే ఇక్కడి కంపెనీ మాకు సంబంధం లేదంటుంది. లైఫ్‌టైమ్ వారంటీ అని రాసినవి కూడా మొదట కొన్నవాళ్లకే, అదీ తయారీ లోపానికే. సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఆ మాటకి విలువ కట్టకండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది: పాత మెయిల్‌కి జవాబు ఇవ్వకుండా రెండు కొత్త మెయిళ్లు రాయండి. ఒకటి రాడ్డు గురించి మాత్రమే. కొన్న తేదీ, బిల్లు, సీరియల్ నంబరు, చీలిక ఫొటో, రాపిడి గుర్తు ఫొటో, "వారంటీలో ఉంది, ఈ ముక్క మార్చండి, 15 రోజుల్లో జవాబు కావాలి" అని. అందులో రీలు ఊసెత్తొద్దు, కోపం కూడా వద్దు. రెండోది రీలు గురించి. వారంటీ అనకుండా బెయిల్ స్ప్రింగు, బేరింగుల పార్టు నంబర్లు రాసి ధర అడగండి. పార్టులే లేవు అంటే ఆ కంపెనీ గురించి మీకు కావాల్సిన సమాచారం అదే, రెండో రీలు వాళ్ల దగ్గర కొనకండి.

గాడి పడిన ఆ చివరి గైడ్ మాత్రం ఏ మెయిల్‌లోనూ రాయకండి. సరైన సైజుది తెచ్చుకుని, పాతదాన్ని కొంచెం వేడి చేస్తే జిగురు వదిలి ఊడొస్తుంది, కొత్తది అంటించేసుకోండి. రాడ్డు వెనక్కి పంపాల్సి వస్తుందేమో కాబట్టి ఆ పని వాళ్ల జవాబు వచ్చాకే చేయండి.