పటం గుమ్మం దాటే ముందు బీమా కాగితం చేతికొచ్చిందా?

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని, జీతం 34 వేలు. మేం పటం చూపించి కథ చెప్పే కూనపులి వాళ్లం. మా ముత్తాత ఊరూరా తిరిగి మార్కండేయ పురాణం చెప్పిన చేర్యాల పటం (గుడ్డ మీద కథంతా బొమ్మలుగా గీసిన చుట్ట), దాదాపు 40 అడుగులది, మా ఇంట్లో ఉంది. హైదరాబాద్‌లోని ఒక మ్యూజియం వాళ్లు ప్రదర్శనకు 11 నెలలు ఇవ్వమంటున్నారు. అద్దె ఇవ్వరట. అక్కడ పెడితే పేరొచ్చి 25 లక్షలకు పోతుందని, బయటి దేశాల వాళ్లయితే ఇంకా ఎక్కువే ఇస్తారని ఒక మధ్యవర్తి చెప్పాడు. ఆ ధైర్యంతో నూటికి 3 రూపాయల మిత్తికి 3 లక్షలు తెచ్చి మడికొండ దగ్గర ప్లాటుకు అడ్వాన్సు ఇచ్చాను. పటం గిర్వి పెడితే ఇంకో 4 లక్షలు ఇస్తానంటున్నాడు ఫైనాన్స్ ఆయన. ఏం చేయాలి? బ్యాంకులో 22 వేలున్నాయి. భార్య, ఇద్దరు పిల్లలు. కాలేజీ వాళ్ల గ్రూపు ఆరోగ్య బీమా 2 లక్షలకు ఉంది. అక్క, తమ్ముడు ఉన్నారు.

జవాబు: గిర్వి పెట్టకండి. మ్యూజియంకు ఇవ్వండి, కానీ ఇప్పుడే కాదు. కొన్ని కాగితాలు పూర్తయ్యాక ఇవ్వండి.

ఎవరో నోటితో చెప్పిన రేటును జేబులో ఉన్న డబ్బులా లెక్కేసుకుని అప్పు చేసేవాళ్లు ఎక్కువయ్యారు. అందుకే మీ ఉత్తరానికి ఇంత వివరంగా రాస్తున్నాను. 3 లక్షలకు మీ మిత్తి నెలకు 9 వేలు. పటం మ్యూజియంలో ఉండే 11 నెలల్లో 99 వేలు పోతాయి, అసలులో పైసా తగ్గదు. ఇంకో 4 లక్షలు తెస్తే మిత్తి నెలకు 21 వేలు. మిగిలిన 13 వేలతో ఇల్లు ఎలా నడుపుతారు? లెక్చరర్‌కి ఈ లెక్క నేను చెప్పాల్సి రావడం ఏంటండీ!

మీ ముత్తాతకు ఈ పటం అన్నం పెట్టిన మాట నిజమే. ఆయన ఎండనక వాననక తిరిగి, పద్మశాలీల వాడల్లో పటం విప్పి కథ చెబితే వచ్చిన సంపాదన అది. పెట్టెలో చుట్టి పెట్టిన పటం నెలనెలా రూపాయి తేదు. ఇక విదేశీ రేటు సంగతి. వందేళ్లు దాటిన చిత్రం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, ఆ చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. అలాంటి వస్తువును ప్రైవేటు వ్యక్తి దేశం దాటించడం నేరం. గుడ్డ మీది పాత చిత్రాలను రిజిస్టర్ చేయించాలి, చేతులు మారితే అధికారికి తెలియజేయాలి కూడా. మీరు చేయించారా? ఉత్తరంలో ఆ మాటే లేదు. మ్యూజియం వాళ్లు ముందు అడిగేది అదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంత పెద్ద ఉత్తరంలో పటానికి బీమా ఎవరు కడతారు, ఎంతకు కడతారు అని మీరు ఒక్కసారి కూడా అడగలేదు. అద్దె రాదన్న బాధ మాత్రం ఉంది. మ్యూజియంలు మామూలుగా అద్దె ఇవ్వవు. రవాణా, బీమా ఖర్చు భరిస్తాయి. మీకు దొరికేది అదే, దాన్ని గట్టిగా పట్టుకోండి.

కరీంనగర్‌లో నాకో క్లయింట్ ఉన్నారు. వాళ్ల నాయనమ్మది వెండి తీగపని అత్తరుదాని ఒకటి ప్రదర్శనకు ఇస్తే, నలిగి తిరిగొచ్చింది. కాగితంలో ‘వెండి వస్తువు, 1’ అని మాత్రమే రాసుంది. పరిహారం వెండి తూకానికి ఇచ్చారు. పనితనానికి పైసా రాలేదు. మీ పటానికీ ముందే విలువ ఒప్పుకోకపోతే బీమా కంపెనీ సర్వేయర్ వచ్చి ఖద్దరు గుడ్డకు, చింతగింజల గంజికి, రంగులకు లెక్క కడతాడు. అందుకే తెలిసినవాళ్లతో విలువ కట్టించి, ఆ అంకె ఒప్పందంలోనూ పాలసీలోనూ ఒకేలా ఉండేలా చూసుకోండి. మధ్యవర్తి చెప్పిన 25 లక్షలు అక్కడ రాయించకండి, క్లెయిమ్ రోజున దాన్ని ఎవరూ ఒప్పుకోరు.

కవరేజీ మీ ఇంట్లో పెట్టె తీసిన క్షణం నుంచి, తిరిగి అదే పెట్టెలో పెట్టేదాకా ఉండాలి. ప్రదర్శన హాల్లో ఉన్నంతసేపు మాత్రమే అంటే ఒప్పుకోకండి. ఇలాంటి వస్తువులు ఎక్కువగా దెబ్బతినేది దారిలోనూ, విప్పేటప్పుడు చుట్టేటప్పుడూ. సుద్ద పూత మీద వేసిన రంగు మడత పడితే పగిలి రాలుతుంది. గంజికి పురుగు పడుతుంది. పురుగు, సహజ అరుగుదల మామూలుగా బీమాలో రావు. కాబట్టి ఇచ్చే రోజున అడుగడుగుకీ ఫొటో తీసి, ఉన్న చీలికలన్నీ రాసి, రెండు వైపులా సంతకాలు పెట్టించండి. అది లేకపోతే పగులు ముందు నుంచే ఉందంటారు. ప్రదర్శన పొడిగిస్తే పాలసీ కూడా పొడిగించాలని ఒప్పందంలో రాయించండి.

మ్యూజియంలో ఉంటే భద్రమే కదా అని కూర్చోకండి. 2018 సెప్టెంబర్‌లో హైదరాబాద్ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ బాక్సు పోయింది. వెంటిలేటర్‌లోంచి దిగారు దొంగలు. పోలీసులు వారం పది రోజుల్లో పట్టుకోవడం అదృష్టం.

ఇంట్లోనే ఉంచుకున్నా ఇదే టెన్షన్. 2023 జులై వానలకు హనుమకొండ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చింది మీరు చూసే ఉంటారు. భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీలో పాత కళావస్తువులను విడిగా చేర్పించుకోవచ్చు. 5 లక్షలు దాటితే, లేదా ఒక్క వస్తువే లక్ష దాటితే విలువ పత్రం కావాలి. కానీ అందులో దొంగతనం వర్తించేది వరద, అగ్నిప్రమాదం లాంటివి జరిగాక 7 రోజుల్లోపు అయితేనే. మామూలు దొంగతనానికి వేరే పాలసీ తీసుకోవాలి. ఇది చాలామంది ఏజెంట్లు చెప్పరు.

గిర్వి విషయం ఇక్కడే తేలిపోతుంది. తాకట్టులో లేదని మీరు రాసిస్తేనే మ్యూజియం తీసుకుంటుంది. ఫైనాన్స్ ఆయన ఇంట్లో తడిసినా, చిరిగినా మీకు ఒక్క పైసా ఇచ్చేవాళ్లుండరు. పైగా అది మీ ఒక్కరి సొత్తు కూడా కాదు. అక్క, తమ్ముడి సంతకాలు లేకుండా ఏ ఒప్పందమూ చేసుకోకండి.

మీ ఇంటికే బీమా సరిగా లేదన్నది ఇంకో సంగతి. కాలేజీ మానేసిన రోజున ఆ 2 లక్షల కవరేజీ పోతుంది. నలుగురికీ కలిపి 10 లక్షల ఆరోగ్య పాలసీ, మీ పేరున కనీసం 50 లక్షల టర్మ్ జీవిత బీమా పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. ఇంట్లో పటానికి బీమా గురించి ఆలోచించేది ఆ తర్వాతే.

ప్లాటు వదులుకోండి. అడ్వాన్సులో కొంత పోయినా సరే, వచ్చినంత ఫైనాన్స్ ఆయనకు కట్టేయండి. మిగతాది ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి తీర్చండి, మిత్తి రూపాయి లోపే ఉంటుంది. ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకోవడం మరిచిపోకండి. ఎప్పుడైనా అమ్మాలనిపిస్తే ప్రభుత్వానికో, ప్రభుత్వం నోటిఫై చేసిన మ్యూజియంకో అమ్మితే లాభం మీద పన్ను ఉండదు. బయటివాళ్లకైతే 12.5 శాతం పడుతుంది.

మ్యూజియం వాళ్లకు ఇవాళే ఉత్తరం రాసి, ఒప్పందం ముసాయిదా, బీమా సర్టిఫికెట్ కాపీ అడగండి. ‘పటం చేరాక పంపిస్తాం’ అని సమాధానం వస్తే వ్యాన్ పంపొద్దని చెప్పండి.