ఫోన్ సౌండ్ తక్కువగా ఉందా? ముందు గ్లాస్ తీయండి, తర్వాత చెవి మార్చి చూడండి

"సౌండ్ ఫుల్ పెట్టినా మా ఇంట్లో పెద్దాయనకి ఫోన్ సరిగా వినపడటం లేదు, స్పీకర్ మార్పించాలా, కొత్త ఫోన్ కొనాలా?" అని అడిగారు. ఈ వారం మాత్రం రెండూ వద్దు. మా నాన్న విషయంలో ఏం జరిగిందో చెప్తాను, ఆ తర్వాత మీ ఇష్టం.

నాన్న 31 ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యారు. అమ్మా నాన్నా సత్తెనపల్లిలో ఉంటారు, నేను హైదరాబాద్‌లో. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేస్తాను. దసరా వెళ్లినప్పటి నుంచి ఆ కాల్ రెండు నిమిషాలకే అయిపోవడం మొదలైంది. ఏం అడిగినా "ఆ... ఆ... సరేనమ్మా, ఇదిగో అమ్మకిస్తున్నా" అనేవారు. ఒకరోజు "బీపీ ఎంత ఉంది నాన్నా?" అంటే "తిన్నానమ్మా, దొండకాయ వేపుడు" అన్నారు. అందరం నవ్వాం. అప్పుడు అలా నవ్వినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆయనకి మా మాట వినపడటం లేదు, ఆ సంగతి పైకి చెప్పడానికి మొహమాటపడ్డారు, అంతే.

ఫోన్ పాడైందనుకుని తమ్ముడు బజార్లో ఒక మొబైల్ షాపుకి తీసుకెళ్లాడు. అక్కడి కుర్రాడు ఒక్క కాల్ కూడా చేసి చూడకుండా "స్పీకర్ పోయిందన్నా" అని కొత్తది వేసి 900 తీసుకున్నాడు. వేసింది ఏమిటో తెలుసా? రింగర్. అంటే పాటలు, రింగ్‌టోన్ వచ్చే కింది స్పీకర్. కాల్ మాట్లాడేటప్పుడు చెవికి వినిపించేది పైన సన్నటి సందులో ఉండే ఇయర్ స్పీకర్. దానికీ దీనికీ సంబంధమే లేదు. ఏది పోయిందో చూడకుండా చేతికందింది మార్చే ఈ పద్ధతి మీద నాకు చాలా కోపం ఉంది. కాల్ చేసి ఒకసారి స్పీకర్ ఆన్ చేసి, ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని వింటే చాలు, తేడా తెలిసిపోతుంది. దానికి అర నిమిషం పట్టదు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ పని నేనే చేశాను. స్పీకర్ ఆన్‌లో మాట ఇల్లంతా వినపడింది. చెవి దగ్గర పెడితే ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు పీలగా ఉంది. ఎండలో పెట్టి చూస్తే టెంపర్డ్ గ్లాస్ పై అంచు ఆ సందును సగానికి పైగా మూసేసి ఉంది. వేరే మోడల్ గ్లాస్ తెచ్చి అతికించారన్నమాట. అది తీసేసరికి లోపల జాలీ మీద చెమట, దుమ్ము, నాన్న రోజూ పెట్టుకునే విభూతి కలిసి గట్టిపడి నల్లటి పొర. మెత్తటి కొత్త టూత్‌బ్రష్, తడి తగలకుండా, ఫోన్ బోర్లా పట్టుకుని మెల్లగా రుద్దాను. దయచేసి సూది, పిన్నీసు పెట్టి పొడవకండి, జాలీ చిరుగుతుంది. నోటితో ఊదకండి, తడి లోపలికి పోతుంది.

కాల్ వాల్యూమ్ కూడా సగంలోనే ఉంది. పక్క బటన్ మామూలప్పుడు నొక్కితే పాటల సౌండ్ పెరుగుతుంది తప్ప కాల్ సౌండ్ కాదు. కాల్ నడుస్తుండగా నొక్కితేనే అది పెరుగుతుంది. పాటకి, రింగుకి, అలారానికి, కాల్‌కి వేర్వేరు సౌండ్లు పెట్టి, అన్నిటికీ ఒకే బటన్ ఇస్తే డెబ్బై ఏళ్ల మనిషికి ఎలా తెలుస్తుంది? ఫోన్లు తయారుచేసేవాళ్లు ఇంట్లో పెద్దవాళ్లతో ఒక్కరోజు వాడించి చూస్తే ఇలా చేయరు.

వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు కూడా వినపడటం లేదంటే ఇంకో సంగతి. పైన ఉన్న సెన్సర్‌కి చెయ్యో పౌచో అడ్డం వస్తే, చెవి దగ్గర పెట్టుకున్నారనుకుని ఆ మెసేజ్ ఇయర్ స్పీకర్‌లో మెల్లగా వస్తుంది. బ్లూటూత్ ఆన్‌లో ఉండి ఫోన్ పక్క గదిలో టీవీకి కనెక్టయినా ఇంతే, సౌండ్ అక్కడికి పోతుంది.

ఇవన్నీ సరిచేశాక నాన్న అన్న మాట నాకు బాగా గుర్తు: "సౌండ్ వస్తోందమ్మా, మాట తెలీట్లేదు."

అప్పుడు ఫోన్ తీసి ఆయన కుడి చెవికి పెట్టాను. మొహం మారిపోయింది. ఆయన ఎప్పుడూ ఎడమ చెవికే పెట్టుకుంటారు, కుడి చేత్తో రాసుకోవడం అలవాటు. పాత బస్సుల్లో ఇంజన్ బానెట్ డ్రైవరుకి ఎడమ పక్కనే ఉంటుంది. 31 ఏళ్లు ఆ మోత ఆ చెవిలోనే పడింది. గుంటూరులో చెవి డాక్టరు ముందు గులిమి తీసి, ఆడియోగ్రామ్ (ఏ రకం శబ్దం ఎంత వినపడుతోందో చూసే పరీక్ష) తీయించారు. రెండు చెవుల్లోనూ కీచుమనే సన్నటి శబ్దాలు వినపడటం తగ్గింది, ఎడమ వైపు ఎక్కువ. డాక్టరు వయసు కూడా కారణమే అన్నారు. నేను మాత్రం ఇంజనే అంటాను.

వయసు వల్ల గానీ మోత వల్ల గానీ చెవి పోయేటప్పుడు ముందు పోయేవి ఈ కీచుమనే సన్నటి శబ్దాలే. మన మాటలో స, శ, చ, త లాంటివి అక్కడే ఉంటాయి. అచ్చులు గట్టిగా వినపడతాయి, హల్లులు జారిపోతాయి. అందుకే సౌండ్ పెంచితే మోత పెరుగుతుంది గానీ మాట తేలదు. మనం అరిచినా అంతే. అరవకుండా నిదానంగా, విడివిడిగా మాట్లాడాలి. ఇంకొకటి, పాత 2జీ కాల్‌లో వచ్చేది సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా మాత్రమే (హెర్ట్జ్ పెరిగేకొద్దీ శబ్దం సన్నగా ఉంటుంది). 4జీ వోల్టే కాల్‌లో (అంటే 4జీ నెట్‌వర్క్ మీదే నడిచే కాల్) హెచ్‌డీ వాయిస్ వస్తే 7000 దాకా పోతుంది, ఆ హల్లులు నిలబడతాయి. నాన్న ఫోన్‌లో సిమ్ సెట్టింగ్స్‌లో వోల్టే ఆఫ్‌లో ఉంది. ఆన్ చేయగానే "నీ గొంతు ఇప్పుడు నీ గొంతులా ఉంది" అన్నారు. ఇయర్‌ఫోన్స్‌తో పాటలు వినేటప్పుడు ఫోన్ సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో మోనో ఆడియో కూడా పెట్టాను. ఒక చెవి బలహీనంగా ఉన్నా పాట సగం పోకుండా రెండు వైపులా మొత్తం వస్తుంది.

సౌండ్ బూస్టర్ యాప్‌ల జోలికి వెళ్లకండి. చిన్న స్పీకర్‌ని దాని శక్తికి మించి తోస్తే మాట చిరిగిపోతుంది, పైగా ప్రకటనల బెడద.

నాన్నని చెవి మెషిన్‌కి ఒప్పించడానికి నాలుగు నెలలు పట్టింది. కళ్లజోడు పెట్టుకోవడానికి ఎవరికీ సిగ్గు లేదు, చెవి మెషిన్ అనేసరికి "నేనేం చెవిటివాణ్ణా" అంటారు. ఆ సిగ్గు మనం నవ్వడం వల్లే వచ్చిందని నా గట్టి నమ్మకం. ఇప్పుడు ఎనిమిదిన్నరకి నేను చేయకపోతే ఆయనే చేస్తున్నారు, దొండకాయ ధర దగ్గర్నుంచి అన్నీ చెప్తారు.

మీ పెద్దాయనకి కాల్స్‌లోనే వినపడటం లేదా, పాటలూ టీవీ కూడానా? ఏ చెవికి పెట్టుకుంటున్నారు? ఈ రాత్రి గ్లాస్ తీసి, రెండో చెవికి పెట్టి ఒక కాల్ చేయించి, ఏమైందో ఇక్కడ రాయండి.