వ్యాయామ ఉపాధ్యాయుల బయోడేటాలో నేను మొదట వెతికేది

బి.పి.ఎడ్. (వ్యాయామ విద్యలో డిగ్రీ) పూర్తిచేసి, కబడ్డీలో విశ్వవిద్యాలయ జట్టుకు ఆడిన ఒకరు, ప్రైవేటు పాఠశాలలో క్రీడా శిక్షకుని ఉద్యోగానికి గట్టి బయోడేటా ఎలా రాయాలని అడిగారు. పిల్లలకు నేర్పిన అనుభవం తనకు లేదని, పతకాలు మాత్రం చాలా ఉన్నాయని కూడా రాశారు. పదహారేళ్లుగా పాఠశాలల్లో ఖోఖో నేర్పుతున్నాను. మా పాఠశాలకు వచ్చే పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయ) దరఖాస్తులను ముందుగా చదివి వడపోసే పని కూడా ఆరేళ్లుగా నాదే. ప్రభుత్వ పాఠశాలలో చేరాలంటే డీఎస్సీ (ఉపాధ్యాయ నియామక పరీక్ష) రాయాలి కనుక అక్కడ బయోడేటాతో పెద్దగా పని ఉండదు. నేను చెప్పేది ప్రైవేటు పాఠశాలల సంగతి.

2009 వేసవిలో నేను బి.పి.ఎడ్. ముగించాను; అప్పట్లో అది ఒక ఏడాది కోర్సే. ఆ వేసవిలోనే గుంటూరు జిల్లాలోని ఒక ప్రైవేటు పాఠశాలకు ఇంటర్వ్యూకు వెళ్లాను. నా చేతిలో మూడు పేజీల బయోడేటా ఉంది. మా ఊరి జెరాక్స్ షాపు అబ్బాయి, ఎవరో ఇంజనీరింగ్ విద్యార్థికి చేసిపెట్టిన కాగితంలో పేరు, చదువు మార్చి దాన్ని తయారుచేశాడు. మొదటి పేజీలో నా లక్ష్యం ఏమిటో నాకే అర్థంకాని నాలుగు వాక్యాలు, చివరి పేజీలో పై వివరాలన్నీ సత్యమని ఒక ప్రమాణం, ఆ రెండింటి మధ్య నేను ఆడిన ఇరవై మూడు పోటీల పేర్లు ఉన్నాయి. ఈనాటికీ నా బల్ల మీదకు వచ్చే దరఖాస్తుల్లో సగానికి పైగా అదే అచ్చులో ఉంటాయి. ఆ షాపులు ఒక తరం వ్యాయామ ఉపాధ్యాయులకు చేసిన నష్టం తక్కువేమీ కాదని నేను నమ్ముతాను.

ఆ ప్రధానోపాధ్యాయిని నా కాగితాలను నిదానంగా, ఒక్క పేజీ కూడా వదలకుండా చదివారు. చదివి పక్కన పెట్టి, కిటికీలోంచి వాళ్ల గ్రౌండు చూపించారు. బాస్కెట్‌బాల్ కోర్టుకు కొంచెం పెద్దదైన స్థలం, ఒక మూలన వేపచెట్టు. "ఎనిమిదో తరగతిలో యాభై రెండు మంది ఉన్నారు. పీరియడు నలభై నిమిషాలు. పిల్లలను కిందికి దింపడానికి ఐదు నిమిషాలు, పైకి పంపడానికి ఐదు నిమిషాలు పోతాయి. మిగిలిన అరగంటలో ఏం చేయిస్తారు?" అని అడిగారు. రెండు రౌండ్లు పరుగెత్తించి, వార్మప్ చేయించి, ఖోఖో ఆడిస్తానని ధీమాగా చెప్పాను. "ఖోఖోలో తరిమే జట్టు తొమ్మిది మంది, తప్పించుకునేవాళ్లు ఒక విడతకు ముగ్గురు. పన్నెండు మంది ఆడుతుంటే మిగతా నలభై మంది ఏం చేస్తారమ్మా?" అని ఆవిడ మళ్లీ అడిగారు. ఆటలో పన్నెండేళ్లు గడిపినా ఆ లెక్క నాకు అంతవరకు తట్టలేదు. నేను జవాబు చెప్పలేకపోయాను. అప్పుడావిడ నా బయోడేటా మీద వేలు పెట్టి, "ఇందులో మీ ఆట ఉంది, మీరు నేర్పిన పిల్లలు ఎక్కడా కనిపించడం లేదు" అన్నారు. ఉద్యోగం రాలేదు.

నిజానికి నేను పిల్లలకు నేర్పాను. డిగ్రీ చదివే రోజుల్లో ఏడాదిన్నర పాటు, సాయంత్రం పూట మా ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఆడపిల్లలకు జీతం లేకుండా ఖోఖో నేర్పాను. జీతం లేని పనిని ఉద్యోగ దరఖాస్తులో రాయవచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. ఇంటికి వచ్చి అటక మీద ఉన్న రెండు వందల పేజీల నోటుపుస్తకం దించాను. ఏ పిల్ల ఏ రోజు వచ్చింది, యాభై మీటర్లు ఎన్ని సెకన్లలో పరుగెత్తింది, ఎవరు ఎందుకు మానేశారు అన్నీ అందులో ఉన్నాయి. రెండు రాత్రులు దాని ముందు కూర్చుని నా బయోడేటా మళ్లీ రాసుకున్నాను. ఇరవై రెండు మంది చేరారు. ఏడుగురు మధ్యలో మానేశారు. వాళ్ల ఇళ్లకు వెళ్లి తల్లులతో మాట్లాడితే నలుగురు తిరిగి వచ్చారు. ఐదుగురు మండల జట్టుకు, వారిలో ఇద్దరు జిల్లా జట్టుకు ఎంపికయ్యారు. ఈ నాలుగు ముక్కలే మొదటి పేజీలో పైన పెట్టాను. దాని వెనుక యాభై రెండు మందికి ముప్పై నిమిషాల పాఠం రాశాను. పదముగ్గురేసి నాలుగు గుంపులు. ఒక గుంపుకు ఖో ఇచ్చే, ఖో అందగానే లేచే సాధన, ఒక గుంపుకు కర్రల మధ్య వంకర పరుగు, ఒక గుంపుకు బంతి పట్టడం, ఒక గుంపుకు తాడాట. ఏడు నిమిషాలకొకసారి విజిల్ వేసి గుంపులు మార్చడం. ఆ ఒకటిన్నర పేజీల కాగితంతోనే పొరుగు జిల్లాలో నాకు తొలి ఉద్యోగం వచ్చింది. కబడ్డీ ఆడినవారికీ ఇదే లెక్క వర్తిస్తుంది. కోర్టులో పద్నాలుగు మందే ఉంటారు, తరగతిలో మిగిలినవారికి ఏం చేయిస్తారో మీ కాగితమే చెప్పాలి.

అంటే పతకాలు రాయకూడదని కాదు. పెద్దవి మూడు చాలు. ఒక్కొక్కదానికి ఏ సంవత్సరం, ఏ వయోవిభాగం, ఏ స్థాయి, ఎన్నో స్థానం అన్నది స్పష్టంగా ఉండాలి. పాఠశాల క్రీడల్లో 14, 17, 19 ఏళ్ల లోపు విభాగాలు ఉంటాయి కనుక ఊరికే "నేషనల్స్ ఆడాను" అని రాస్తే చదివేవారికి ఏమీ తెలియదు. పైగా గుర్తింపు లేని సంఘాలు డబ్బు కట్టించుకుని జాతీయ, అంతర్జాతీయ పోటీలంటూ సర్టిఫికెట్లు పంచుతున్నాయి. నిజంగా ఎండలో చెమటోడ్చి మండల స్థాయి నుంచి పైకి వచ్చిన పిల్లల కష్టాన్ని ఆ కాగితాలు తక్కువ చేస్తున్నందుకు నాకు చాలా బాధగా ఉంటుంది. అలాంటిది ఒక్కటి కనిపించినా ఆ దరఖాస్తును పక్కన పెట్టేస్తాను. పటియాలాలో శిక్షకులను తయారుచేసే జాతీయ క్రీడా సంస్థ ఎన్.ఐ.ఎస్. సంగతీ అంతే. అక్కడి ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు వేరు, ఏడాది డిప్లొమా వేరు, రెండింటినీ "ఎన్.ఐ.ఎస్." అన్న ఒక్క మాట కింద కలిపి రాయడం సరికాదు.

చాలామంది తమ మొదటి అర్హతగా "క్రమశిక్షణ" అని రాస్తారు. దయచేసి అలా రాయకండి. వ్యాయామ ఉపాధ్యాయుడంటే గేటు దగ్గర బెత్తం పట్టుకుని నిలబడేవాడని, లెక్కల సారు రాని రోజు ఆ తరగతిలో కూర్చునేవాడని అనుకునే యాజమాన్యాలు ఎన్నో ఉన్నాయి. 2018-19 నుంచి సీబీఎస్‌ఈ తొమ్మిది నుంచి పన్నెండు తరగతులకు ఆరోగ్య, వ్యాయామ విద్యను తప్పనిసరి చేసినా, పరీక్షలు దగ్గరపడగానే పదో తరగతి గేమ్స్ పీరియడు మాయమవడం నేను ఏటా చూస్తున్నాను. మీ కాగితంలో క్రమశిక్షణ పైన ఉంటే మీ చేతికి బెత్తమే వస్తుంది. ఆ చోట పిల్లల భద్రత గురించి రాయండి. ప్రథమ చికిత్సలో రెడ్ క్రాస్ శిక్షణ తీసుకుని ఉంటే దాని తేదీతో రాయండి. ఎండలో ఎన్ని నిమిషాలకొకసారి నీళ్లు తాగిస్తారో, ఆడపిల్లలకు కబడ్డీ పట్లు నేర్పేటప్పుడు ఎలా జాగ్రత్త పడతారో రాయండి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం గురించి తెలిసిన శిక్షకుడని ఆ ఒక్క వాక్యంతోనే అర్థమవుతుంది, తల్లిదండ్రులకు జవాబు చెప్పవలసిన ప్రధానోపాధ్యాయులకు అది పది పతకాల కంటే ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

నేర్పిన అనుభవం లేదన్నారు కాబట్టి, మీ ఊరి ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుణ్ని కలిసి, సాయంత్రం గంటసేపు కబడ్డీ నేర్పడానికి అనుమతి అడగండి. వచ్చిన పిల్లల పేరు, వయసు, ఎత్తు, బరువు, యాభై మీటర్ల సమయం మొదటి రోజే ఒక పుస్తకంలో రాసుకోండి. మూడు నెలల తర్వాత అదే నేల మీద, అదే గడియారంతో మళ్లీ కొలిచి, ఆ రెండో వరుస నిండాక బయోడేటా రాయడానికి కూర్చోండి.