గారండ్ రైఫిల్, ఇంట్లో చేసుకునే తూటాలు, మీ వీసా

సంక్రాంతికి అంబాజీపేట దగ్గర మా ఊరు వెళ్లినప్పుడు అరుగు మీద ఇద్దరు కుర్రాళ్లు నన్ను పట్టుకున్నారు. ఒకడు మా అక్క కొడుకు. హెచ్-1బి మీద డాలస్ వచ్చి ఎనిమిది నెలలైంది. రెండోవాడు వాడి స్నేహితుడు, రాజోలు కుర్రాడు, గ్రీన్ కార్డు చేతికొచ్చి రెండేళ్లు.

"మావయ్యా, మా ఆఫీసులో ఒకాయన దగ్గర వాళ్ల తాతగారి ఎమ్1 గారండ్ రైఫిల్ ఉంది. తూటాలు ఆయనే గరాజులో చేసుకుంటాడు. శనివారం వచ్చి నేర్చుకో అంటున్నాడు, వెళ్లనా?" అన్నాడు మావాడు. "నేనైతే ఒకటి కొనేశానండి. షాపులో దొరికే తూటాలు దానికి పనికొస్తాయాండి?" అన్నాడు రెండోవాడు. పన్నెండేళ్లుగా అదే రైఫిల్‌కి తూటాలు చేసుకుంటున్నాను కాబట్టి ఇద్దరికీ చెప్పాను. ఇదే మాట ఫోన్లో అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు, అందుకే రాస్తున్నాను.

మావాడికి ఒకటే మాట చెప్పాను, వెళ్లొద్దని. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది గానీ, దాని మీద ఆధారపడే ముందు లాయర్ని అడగాలి. "నేను తుపాకీ ముట్టుకోను మావయ్యా, బల్ల దగ్గర కూర్చుని తూటాలో పోసే మందు కొలుస్తానంతే" అన్నాడు. అదీ కుదరదు. ఆ చట్టంలో తూటా అంటే పూర్తిగా తయారైన తూటా ఒక్కటే కాదు. మందు పోసే ఖాళీ ఇత్తడి గొట్టం (కేసు), దాని అడుగున దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న టోపీ (ప్రైమర్), ముందుకు దూసుకెళ్లే ముక్క (బుల్లెట్), మందు, ఏది విడిగా ఉన్నా తూటా కిందే లెక్క. తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయవచ్చు కూడా. ఇంట్లో అప్పు తీరకుండా ఒక శనివారం సరదాకి అంత రిస్కు తీసుకోకు నాన్నా అన్నాను. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం అడ్డు లేదు. రాష్ట్రానికో రూలు ఉంటుంది, అది చూసుకోవాలి.

ఇక రాజోలు అబ్బాయి ప్రశ్న. గారండ్‌ని అమెరికా సైన్యం 1936లో తీసుకుంది. ఎనిమిది తూటాల్ని కలిపి పట్టి ఉంచే క్లిప్పు, .30-06 అనే సైజు తూటా. అదే సైజు తూటా వేటగాళ్ల కోసం ఏ షాపులోనైనా దొరుకుతుంది, లోపలికి చక్కగా పడుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

మన డెల్టా వాళ్లకి ఇది కాలవతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ధవళేశ్వరం దగ్గర ఎంత నీరు వదిలారన్నది ఒక సంగతి, శివారు పొలం దగ్గర ఎంత వేగంతో వచ్చిందన్నది ఇంకో సంగతి. గారండ్ గొట్టం చివర, మూతికి కాస్త ఇవతల, చిన్న రంధ్రం ఉంటుంది. బుల్లెట్ అది దాటాక కొంత గ్యాసు అందులోంచి వెళ్లి, ఆపరేటింగ్ రాడ్ అనే పొడవాటి కడ్డీని వెనక్కి తోస్తుంది. ఆ కడ్డీయే గొట్టాన్ని వెనక నుంచి మూసే బోల్టుని తెరిచి, ఖాళీ కేసుని బయటికి విసిరి, కొత్త తూటాని ఎక్కిస్తుంది. నెమ్మదిగా మండే మందు వాడినా, బరువైన బుల్లెట్ పెట్టినా మొదట్లో ఒత్తిడి మామూలుగానే ఉంటుంది గానీ శివారుకి, అంటే ఆ రంధ్రం దగ్గరికి, వచ్చేసరికి ఉండాల్సిన దానికంటే ఎక్కువ మిగిలిపోతుంది. ఆ దెబ్బకి కడ్డీ వంగుతుంది. మొదటి ఏడాది నాకు ఎవరూ చెప్పలేదు. 180 గ్రెయిన్ల (బుల్లెట్‌నీ మందునీ తూచే చిన్న కొలత) బరువు బుల్లెట్ ఉన్న వేట తూటాలు రెండు పెట్టెలు కాల్చాను. కడ్డీ వంగి, చెక్కకి రాసుకుని, బోల్టు సగంలో ఆగిపోయింది. ఆ రోజు తుపాకీ విప్పి చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది.

అందుకే ఈ రైఫిల్‌కి తూటా ఇంట్లో చేసుకోవడం డబ్బు ఆదా కోసం కాదు, దాని ఒంటికి పడేది పెట్టడం కోసం. ఐఎమ్ఆర్ 4895, 4064 లాంటి మధ్యరకం వేగం మందులు, 150 నుంచి 175 గ్రెయిన్ల లోపు బుల్లెట్ దానికి సరిపోతాయి. మందు ఎంత పోయాలో నన్ను అడగొద్దు, ఎవరినీ అడగొద్దు. బుల్లెట్లు తయారుచేసే హోర్నడీ కంపెనీ వాళ్ల పుస్తకంలో గారండ్‌కి విడిగా పట్టిక ఉంది. మామూలు .30-06 పట్టిక కాదు, ఆ పట్టికే చూడాలి. అందులో ఉన్న అతి తక్కువ కొలతతో మొదలుపెట్టాలి.

మా తాతయ్య దీపావళికి సిసింద్రీలు కూరేవారు. సూరేకారం, గంధకం, బొగ్గు వేరువేరుగా నూరి, నీడన కలిపి, ఆ పూట పెరట్లోకి పిల్లల్ని రానిచ్చేవారు కాదు. సిసింద్రీకి ఆయన చేతివాటం చాలేది, తూటాకి చాలదు. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. త్రాసు లేకుండా కుదరదు. మందు పోశాక యాభై కేసుల్నీ ట్రేలో నిలబెట్టి టార్చి వేసి పై నుంచి ఒక్కొక్కటీ చూస్తాను. మట్టం ఒక్కదాంట్లో తేడా కనిపించినా ఒలకబోసి మళ్లీ కొలుస్తాను. ఆ గంటసేపు ఫోను వేరే గదిలో ఉంటుంది.

అన్నిటికంటే నేను భయపడేది ప్రైమర్ గురించి. గారండ్‌లో ప్రైమర్‌ని కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్నుకి స్ప్రింగు లేదు. బోల్టు మూసుకున్నప్పుడల్లా పిన్ను వదులుగా ముందుకెళ్లి ప్రైమర్‌ని తాకుతుంది. కాల్చని తూటా బయటికి తీసి చూడండి, ప్రైమర్ మీద చిన్న చుక్కలాంటి గుంట ఉంటుంది. ప్రైమర్ కాస్త పైకి ఉబికి ఉన్నా, మరీ సున్నితమైనదైనా బోల్టు తాళం పడకముందే పేలవచ్చు. అప్పుడు కేసు పగిలి రైఫిల్ మొహం మీదే బద్దలవుతుంది. కాబట్టి ప్రైమర్ కూర్చునే గుంటని శుభ్రంగా గీకి, తేలిగ్గా పేలని గట్టి ప్రైమర్ వాడి, కేసు అంచుకంటే కాస్త లోపలికి దింపాలి. దింపాక చూపుడు వేలి కొన దాని మీద అడ్డంగా జరిపి చూడాలి. వేలికి పల్లం తగలాలి. గట్టు తగిలిందా, ఆ కేసు పక్కన పెట్టేయాలి. ఒకే ఒక్క తూటాని చేత్తో లోపల పడేసి బోల్టుని వదిలేయకూడదు కూడా. క్లిప్పులోంచి తూటాని లాక్కుంటూ వెళ్తేనే బోల్టు వేగం తగ్గుతుంది.

కేసు పొడవు 2.494 అంగుళాలు దాటకూడదు. ప్రతిసారీ డై అనే అచ్చులో పూర్తిగా నొక్కి, పెరిగితే కత్తిరించాలి. పాత సైనిక మిగులు తూటాలు దొరికితే, కొన్నిటి ప్రైమర్లో ఉప్పు ఉంటుంది. మన సముద్రపు గాలికి ఇనుము తుప్పు పట్టినట్టే గొట్టం లోపల తుప్పు పడుతుంది. కాల్చిన రోజే నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి.

ఇండియా ప్రయాణం సంగతి కూడా ఇద్దరికీ చెప్పాను. లైసెన్స్ లేకుండా ఒక్క తూటా సంచీలో కనిపించినా హైదరాబాద్ విమానాశ్రయంలో ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. "మర్చిపోయానండి" అంటే అక్కడికక్కడ వదిలేయరు. పండక్కి వచ్చినవాడు పోలీస్ స్టేషనూ కోర్టూ చుట్టూ తిరగాలి. కాల్పులు సాధన చేసే రేంజికి తీసుకెళ్లే సంచీకి నేను ఎర్ర టేపు అంటించి గరాజులో ఉంచుతాను. రేంజికి వేసుకెళ్లిన ప్యాంటు జేబులు మా ఆవిడ తిరగదోడి చూశాకే సూట్‌కేసులో పెడుతుంది.