కాలనీ గోడ మీద రాత్రికి రాత్రి స్ప్రే బొమ్మ: ఉంచాలా, చెరపాలా, కేసు పెట్టాలా?

అడిగిన సంగతి ఇదీ: కాలనీ కాంపౌండ్ గోడ మీద ఎవరో రాత్రిపూట స్ప్రే రంగులతో పెద్ద బొమ్మ వేసి, పక్కన వంకర అక్షరాలతో పేరు గీసి పోయారు. సగం మంది బాగుంది ఉంచేద్దామంటున్నారు, సగం మంది స్టేషన్‌కు పోదామంటున్నారు. ఇది కళా, విధ్వంసమా?

ఈ రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టడం వల్లే మీటింగ్ తెగడం లేదు. బొమ్మ బాగుందా లేదా అన్నది చూసేవాళ్ళ కంటికి సంబంధించిన మాట. నేరమా కాదా అన్నది గోడ ఎవరిదో వాళ్ళు ఒప్పుకున్నారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. నష్టం ఎంత అన్నది రంగు కింద ఏముందో దాన్ని బట్టి ఉంటుంది. అద్భుతమైన బొమ్మ కూడా నేరం కావచ్చు. పర్మిషన్‌తో, బిల్లుతో వేయించిన బొమ్మ పరమ నాసిగా ఉండొచ్చు, ఫ్లైఓవర్ స్తంభాల మీద చూస్తూనే ఉన్నాం. నన్నడిగితే అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఆ మూడోదే: గోడ మళ్ళీ మునుపటిలా అవుతుందా?

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తా. అనుమతి లేకుండా వేస్తే భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ వర్తిస్తుంది. అక్కడ లెక్కంతా నష్టం విలువ మీదే. మామూలుగా 6 నెలల దాకా జైలు, నష్టం 20,000 నుంచి లక్ష లోపైతే 2 ఏళ్ళ దాకా, లక్ష, ఆపైన అయితే 5 ఏళ్ళ దాకా. ప్రభుత్వ ఆస్తి అయితే 1984 నాటి ప్రజా ఆస్తుల చట్టం కూడా తోడవుతుంది. చార్మినార్, గోల్కొండ లాంటి రక్షిత కట్టడాల మీద గీస్తే 2 ఏళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కాబట్టి ఫిర్యాదు ఇవ్వాలనుకుంటే రంగు వేసి మూసెయ్యకముందే ఫొటోలు, కొలతలు తీసి, పెయింటర్ చేత ఖర్చు అంచనా రాయించి పెట్టుకోండి. ఆ కాగితం లేకపోతే నష్టం ఎంతంటే చెప్పడానికి ఏమీ ఉండదు.

మన దగ్గర 1997 నుంచి బహిరంగ స్థలాలను పాడుచేయడాన్ని నిషేధించే రాష్ట్ర చట్టం ఒకటుంది. అది బొమ్మలకే కాదు, పోస్టర్లకూ వర్తిస్తుంది. మైదా జిగురుతో అంటించిన హాస్టల్, ట్యూషన్ పోస్టర్ ఎండి ఊడేటప్పుడు గోడ రంగును కూడా పెచ్చుగా లాక్కుపోతుంది. దాన్ని కళా కాదా అని ఎవరూ అడగరు, స్టేషన్‌కూ పోరు.

ఇక చెరపడం. అందరూ చేసే తప్పు ఒకటే, థిన్నర్ డబ్బా, గుడ్డ తెచ్చి రుద్దడం. ముందు ఒక మూలన అంగుళం మేర దూదికి కాస్త థిన్నర్ అద్ది చూడండి. దూదికి స్ప్రే రంగుతో పాటు గోడ రంగు కూడా అంటుకుందంటే అక్కడితో ఆగిపోండి. బయటి గోడలకు వేసే మామూలు ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రంగు థిన్నర్‌కు కరుగుతుంది, రుద్దేకొద్దీ ఎరుపు, నలుపు చుట్టూ పాకి మచ్చ నాలుగింతలవుతుంది. అలాంటి గోడకు చెరపడం కాదు, కప్పడమే మందు. 120 నంబరు ఎమరీ కాగితంతో స్ప్రే మెరుపు పోయేదాకా తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడిచి, మరకలను ఆపే ప్రైమర్ ఒక కోటు, దాని మీద ఎమల్షన్ రెండు కోట్లు. ప్రైమర్ ఎగ్గొట్టి నేరుగా ఎమల్షన్ వేస్తే మొదటి రోజు బాగానే ఉంటుంది, వారం తిరక్కుండానే ఎర్రరంగు లోపలి నుంచి గులాబీ నీడలా పైకి తేలుతుంది. ఇంకోటి, మచ్చ ఉన్నచోట మాత్రమే వెయ్యకండి. ఎండకు వెలిసిన పాత రంగు మధ్య కొత్త రంగు ముక్క కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా మొత్తం వెయ్యాలి.

రాయి దగ్గర కథ వేరు. నున్నగా పాలిష్ చేసిన గ్రానైట్ అయితే అదృష్టం: థిన్నర్ అద్దిన గుడ్డ, ఏటవాలుగా పట్టిన బ్లేడు చాలు. గరుకు గ్రానైట్‌కు జెల్లీలా ఉండే పెయింట్ రిమూవర్ పూసి, 15–20 నిమిషాలు వదిలి, నైలాన్ బ్రష్‌తో తోమి, నీళ్ళు కొట్టాలి. రెండు మూడు సార్లు పట్టొచ్చు. ఇనప బ్రష్ వాడితే దాని తునకలు రాతి సందుల్లో ఇరుక్కుని, మొదటి వానకే తుప్పు చారలు దిగుతాయి. యాసిడ్ అయితే మరీ ఘోరం. స్ప్రే రంగును అది కరిగించనే కరిగించదు, రాళ్ళ మధ్య సిమెంటును తినేస్తుంది, గ్రానైట్‌లోని ఇనుమును పసుపు మరకగా బయటికి తెస్తుంది. గోడ మీద పరిచింది షాబాద్ బండో తాండూరు బండో అయితే యాసిడ్ సీసా మూత కూడా తియ్యకండి. అవి సున్నపురాళ్ళు. ఒక చుక్క పడితే చాలు, సోడాలా నురగ కక్కి ఆ మేరకు పైపొర పోతుంది. మళ్ళీ పాలిష్ పట్టిస్తే తప్ప ఆ మెరుపు రాదు.

పాత సున్నపు గచ్చు అన్నిటికన్నా నాజూకు. గచ్చు స్పాంజిలాంటిది, థిన్నర్ పోస్తే కరిగిన రంగు ఇంకా లోపలికి దిగిపోతుంది. అక్కడ చేసే పని రుద్దడం కాదు, పీల్చడం. కాగితం గుజ్జునో మెత్తటి మట్టినో రంగును కరిగించే ద్రవంలో కలిపి, వాపుకు పట్టు వేసినట్టు మందంగా పరిచి, పైన ప్లాస్టిక్ కప్పి ఉంచుతారు. తర్వాత కవరు తీసేస్తే ఆరుతున్న గుజ్జు రంగును తన వైపు లాక్కుంటుంది. ఇది సంరక్షణ పని తెలిసినవాళ్ళు చెయ్యాల్సింది, మేస్త్రీకి అప్పజెప్పేది కాదు. గోల్కొండ గోడల మీద తాళంచెవితో గీసిన ప్రేమజంటల పేర్లకైతే ఈ పట్టు కూడా పనిచెయ్యదు. అక్కడ రంగు ఎక్కలేదు, గచ్చే పోయింది. హైదరాబాద్‌లో ఖాజాగూడ లాంటి చోట్ల 250 కోట్ల ఏళ్ళ నాటి బండల మీద పెయింట్‌తో రాసే ప్రకటనలూ నా లెక్కలో ఇదే కోవ. ఎండకు, వానకు బండ మీద ఏర్పడిన పైపొర, దాని మీది పాచి కూడా రంగుతో పాటు పోతాయి. శుభ్రం చేసిన చోటు తెల్లటి మచ్చలా ఏళ్ళ తరబడి కనిపిస్తుంది.

అదే మీ సిమెంటు గోడ మీదున్న బొమ్మ? వెయ్యి తిప్పలు పెట్టినా అది రెండు కోట్ల రంగుతో పోయే సరుకే. ఉంచుకోవాలనిపిస్తే ఉంచుకోండి, తప్పేం లేదు. గ్రాఫిటీ వేసేవాళ్ళలోనూ ఒక కట్టుబాటు ఉంది: గుడి, మసీదు, చర్చి, సమాధి, ఎవరి ఇల్లూ ముట్టకూడదు. ఒకరి బొమ్మ మీద వెయ్యాలంటే దానికన్నా మెరుగైంది వెయ్యగలగాలి. అందరూ పాటిస్తారని కాదు. కాకపోతే పక్కన గీసిన ఆ వంకర పేరుకూ, శ్రద్ధగా వేసిన బొమ్మకూ తేడా వాళ్ళకూ తెలుసు.

అనుమతితో చేస్తే ఎట్లా ఉంటుందో చూడాలంటే ఖైరతాబాద్ దగ్గర ఎం.ఎస్. మక్తాకు వెళ్ళండి. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ అక్కడి ఇళ్ళ గోడల మీద బొమ్మలు వేయించింది, గల్లీకి మక్తా ఆర్ట్ డిస్ట్రిక్ట్ అన్న పేరే వచ్చింది. ఏళ్ళు గడిచిన బొమ్మలు ఎక్కడెక్కడ పెచ్చులూడతాయో చూస్తే పాఠం దొరుకుతుంది: నీళ్ళ పైపు కారే చోట, నేలకు అడుగు ఎత్తులో ఉప్పు తేలే చోట. అందుకే మీరు వేయించేటట్టయితే తేమ సంగతి ముందు తేల్చండి. కొత్త ప్లాస్టరింగ్ అయితే 28 రోజులు ఆగండి. 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడకు దాదాపు 2 లీటర్ల ప్రైమర్, రెండు కోట్లకు 4 లీటర్ల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ పడుతుంది. లప్పం పెట్టాలంటే వైట్ సిమెంటుదే పెట్టండి, ఇంటి లోపలికి వాడేది బయట ఒక్క వానాకాలం నిలవదు. మొత్తం స్ప్రేతోనే నింపాలనుకోకండి. 400 మిల్లీలీటర్ల డబ్బా 10–15 చదరపు అడుగులకు మించి రాదు. నేపథ్యం ఎమల్షన్‌తో, గీతలు, నీడలు స్ప్రేతో వేస్తే ఖర్చు సగానికి దిగుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్ ఎండలో రంగు గోడను చేరేలోపే గాల్లో ఆరి పొడిలా అంటుకుంటుంది, చేత్తో తుడిస్తే వచ్చేస్తుంది. తూర్పు గోడ మధ్యాహ్నం, పడమటి గోడ పొద్దున. మాస్క్ మామూలు దుమ్ముది కాదు, రంగు ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ ఉన్నది.

ఒక కాగితం మాత్రం మర్చిపోవద్దు. అసోసియేషన్ తీర్మానం, గోడ కొలతలు, బొమ్మ నమూనా, ఎన్నేళ్ళు ఉంచుతారు, ఎప్పుడు చెరపొచ్చు అన్నవి రాసి, కళాకారుడి సంతకం తీసుకోండి. కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం అమ్ముకున్న తర్వాత కూడా తన పని మీద కళాకారుడికి హక్కులుంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లోని తన కంచు మ్యూరల్‌ను, అంటే గోడకు అమర్చిన శిల్పాన్ని, ఊడదీసి గోదాములో పాడుచేశారని శిల్పి అమర్‌నాథ్ సెహగల్ వేసిన కేసులో 2005లో ఢిల్లీ హైకోర్టు, మిగిలింది ఆయనకు తిరిగి ఇచ్చి, 5 లక్షల పరిహారం కట్టమని కేంద్రానికి చెప్పింది. అది ప్రభుత్వం అడిగి చేయించుకున్న పని. మీ గోడ మీద చెప్పకుండా వేసి పోయినవాడు అట్లా హక్కు అడుగుతూ వస్తే ముందు తన పేరు చెప్పుకోవాలి.